మర్రిచెట్ల దారిలో ఎనిమిది లోకాలు

మన విమర్శ సినిమా దాకా వచ్చింది, టీవీ సీరియల్ దాకా వచ్చింది, వ్యాపార ప్రకటనల దాకా కూడా వచ్చింది. వీడియో గేమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగిపోయింది. అది మగపిల్లల వ్యవహారమనో, చదువు చెడగొట్టేదనో ఒక మాట అనేసి పక్కకు తప్పుకుంటున్నాం. ఈలోగా మన ఇళ్ళలో ఆడపిల్లలు కూడా ఆ ఆటలు ఆడుతూ పెరిగారు. ఆడటంతో ఆగకుండా కొందరు వాటిని తమకు నచ్చినట్టు మార్చి కొత్తవి కడుతున్నారు. ఒక కథను తీసుకుని దాన్ని తమ చేతులతో తిరగరాయడం స్త్రీలకు కొత్త కాదు. అందుకే ఈ విషయం మన పేజీల్లోకి రావాలనుకున్నాను.

నేను మాట్లాడుతున్నది ‘ప్లాట్‌ఫామ్ గేమ్’ అనే ఒక రకం ఆట గురించి. ఒక బొమ్మ ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతూ, అరుగు మీంచి అరుగు మీదికి గెంతుతూ, గుంతలు దాటుతూ, ఎదురొచ్చిన ప్రాణిని తొక్కి పారేస్తూ చివరికి ఒక కోట చేరుతుంది. 1985లో జపాన్ నుంచి వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ దీనికి తలమానికం. తొంభైల్లో మన ఊళ్ళకు ఇది అసలు కంపెనీ పేరుతో రాలేదు. నకలు మిషన్లలో, ఒకే క్యాసెట్‌లో వందల ఆటలున్నాయని అట్ట మీద అబద్ధం రాసుకుని వచ్చింది. అందులో సగం ఆటలు ఒకే ఆటకు రంగు మార్చి పేరు మార్చినవి. అంటే మనకు మారియో పరిచయమైందే మారువేషంలో. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఈ ఆటల్లో భూమిని ‘వరల్డ్’లుగా పంచుతారు. ఒక్కో లోకానికి ఒక్కో ‘థీమ్’ ఉంటుంది. 1988లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’తో ఈ పద్ధతి స్థిరపడింది. గడ్డినేల, ఎడారి, నీటిలోకం, అన్నీ భారీగా ఉండే రాక్షస లోకం, ఆకాశం, మంచు, గొట్టాల లోకం, చివరికి చీకటి లోకం. మొత్తం ఎనిమిది. ఆ తర్వాత వచ్చిన ఆటల్లో చాలావాటికి, అభిమానులు సొంతంగా కట్టుకున్న వాటికి కూడా ఇదే పంచాంగం. మొదట పచ్చిక, రెండోది ఎడారి, ఎక్కడో ఒకచోట మంచు, ఆఖర్న నిప్పులు. ఎవరూ చట్టం చేయలేదు. అయినా అందరూ పాటిస్తారు. కావ్యంలో అష్టాదశ వర్ణనల్లాగే అనుకోండి. నగర వర్ణన, సముద్ర వర్ణన, చంద్రోదయం లేకపోతే ప్రబంధం కాదన్నట్టు, ఎడారి లేకపోతే అది ఆట కాదు.

మా మేనకోడలు మొయినాబాద్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది. స్నేహితురాళ్ళతో కలిసి మారియో పద్ధతిలో ఒక ఆట కడుతూ నన్నడిగింది: “అత్తా, రెండో లోకం ఎడారి పెట్టాలా, మంచు పెట్టాలా?”

“ఎడారి ఎప్పుడన్నా చూశావటే?”

“లేదత్తా. కానీ ఎడారి లేకపోతే గేమ్‌లా అనిపించదు.”

ఆ జవాబు చాలాకాలం నన్ను వదల్లేదు. రోజూ మెహిదీపట్నంలో బస్సెక్కి, మర్రిచెట్ల కింద నుంచి కాలేజీకి పోయే పిల్ల తను చూసిన నేలను ఆట కట్టడానికి పనికిరాదనుకుంటోంది. మనలో మొదటి కథ రాసిన ప్రతి ఒక్కరికీ ఈ దశ తెలుసు. మన వంటింట్లో ఏముంది కథ రాయడానికి అనుకుని, చూడని కాశ్మీరులో నాయికా నాయకుల్ని నడిపించిన రోజులవి.

కాబట్టి ముందు ఈ థీమ్ అనేదాన్నే కాస్త దగ్గరగా చూద్దాం. 1985 నాటి మారియోలో ఒక చిన్న రహస్యం ఉంది, ఆటగాళ్ళందరికీ తెలిసిందే. ఆకాశంలో మబ్బు, నేల మీద పొద రెండూ ఒకే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. అప్పటి క్యాసెట్‌లో చోటు చాలా తక్కువ కాబట్టి అలా సర్దుకున్నారు. అది పనితనమే, తప్పుపట్టను. కానీ థీమ్ అనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. చాలా ఆటల్లో లోకం మారడమంటే రంగు మారడమే. మూడో మారియోలో మాత్రం కొన్నిచోట్ల లోకంతోపాటు నడక కూడా మారుతుంది. మంచులో కాలు జారుతుంది, నీళ్ళలో గెంతు ఈతవుతుంది, ఎడారిలో ఇసుక కూరుకుపోతుంది, ఒకచోట సూర్యుడే కోపంతో మీదికి దూకుతాడు. నేల మనిషి కదలికను మార్చిందన్న మాట. డిజైన్ పరంగా ఆ ఆటలో గొప్పదనం అక్కడుంది. రంగు థీమ్, నడక థీమ్ అని ఈ రెంటికీ నేనే పేర్లు పెట్టుకున్నాను.

ఇప్పుడు అదే ఆటను ఆడవాళ్ళ వైపు నుంచి చదవండి. మొదటి ఏడు లోకాలకూ ఒక్కో రాజు. ఏడుగురూ మంత్రదండం పోగొట్టుకుని జంతువులుగా మారిన మగ రాజులే. ఒక్క రాణి లేదు. రాకుమారి ఏం చేస్తుంది? ఉత్తరాలు రాస్తుంది. ఒక్కో లోకం గెలిచాక మారియోకు ఒక సలహా, ఒక కానుక పంపుతుంది. ఆరు లోకాల దాకా ఆమె రచయిత్రి. ఏడో లోకం తర్వాత వచ్చే ఉత్తరం ఆమెది కాదు, ఆమెను ఎత్తుకుపోయిన బౌజర్‌ది. రాసే చెయ్యి మాయమై ఎత్తుకుపోయినవాడి చేతిరాత మిగులుతుంది. ఇంతకుముందు 1985 ఆటలోనైతే ఆమె మొదటి ఏడు కోటల్లోనూ దొరకదు. కోట గెలిచిన ప్రతిసారీ ఆమె వేరే కోటలో ఉందన్న కబురు మాత్రం వినిపిస్తుంది. ఆమె లేకపోవడమే ఆటను ముందుకు తోసే ఇంజను. దొరికితే ఆట అయిపోతుంది.

ఇక ఆ లోకాల్లో జనం. ఎడారిలో పిరమిడ్లు ఉన్నాయి, వాటిని కట్టినవాళ్ళు లేరు. నీటిలోకంలో దీవులున్నాయి, వల వేసే మనిషి లేదు. పచ్చికలో ఎవరూ కలుపు తీయరు. నీళ్ళు మోసే ఆడమనిషి ఏ ఎడారిలోనూ ఎదురు రాదు. శ్రమ తీసేసిన నేలనే థీమ్ అంటున్నాం. విహారానికొచ్చినవాడికి ఊరు అలాగే కనిపిస్తుంది. కంపెనీ తనే జనానికి లోకాలు కట్టుకునే పనిముట్టు ఇచ్చినప్పుడు కూడా ఇదే తంతు. 2019 నాటి ‘సూపర్ మారియో మేకర్ 2’లో ఆడేవాళ్ళు ఎవరి ఆట వాళ్ళు కట్టుకోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి ఎనిమిది లోకాలు, నలభై మెట్ల దాకా కలిపి ఒక పూర్తి ప్రపంచంగా కూర్చవచ్చు. దానికి ఇచ్చిన థీమ్‌లు పది: నేల, నేలమాళిగ, నీటి అడుగు, దయ్యాల ఇల్లు, గాలి ఓడ, కోట, ఎడారి, మంచు, ఆకాశం, అడవి. సంత లేదు, పొలం లేదు, బడి లేదు. మామూలు ఇల్లు లేదు. ఉన్న ఒకే ఒక్క ఇల్లు దయ్యాలది! స్త్రీవాద రచయిత్రులకు ఇందులో ఒక చేదు నవ్వు దొరక్కపోదు.

ఇక్కడికి అభిమానులొస్తారు. అసలు ఆటను విప్పి తమకు కావలసినట్టు కుట్టుకునేవాళ్ళు. 2000 సంవత్సరంలో ‘లూనార్ మ్యాజిక్’ అనే పనిముట్టు వచ్చాక ‘సూపర్ మారియో వరల్డ్’ను మార్చడం మామూలు మనుషులకు సాధ్యమైంది. 2009లో ‘సూపర్ మారియో బ్రదర్స్ ఎక్స్’ అనే అభిమాని ఆట లోకాలు కట్టే సరంజామాతో సహా వచ్చింది. 2013లో అమెరికాలో మైక్ మైకా అనే తండ్రి చేసిన పని పత్రికలకెక్కింది. 1981 నాటి ‘డాంకీ కాంగ్’ ఆటలో మారియో రక్షించే పాలీన్‌గా ఎందుకు ఆడకూడదని కూతురు అడిగితే, ఆయన ఆటను విప్పి ఇద్దరి చోట్లూ తారుమారు చేశాడు. పాలీన్ ఎక్కుతుంది, మారియో పైన నిలబడి ఎదురుచూస్తాడు. కదిలించే సంగతే. కానీ దూలాలు అవే, పీపాలు అవే. పైన ఒకరు బందీ, కింద ఒకరు రక్షకులు. చోట్లు మారాయి గానీ నేల మారలేదు.

కంపెనీ కూడా ఈ తారుమారు తెలివిగా వాడుకుంది. 2005లో ‘సూపర్ ప్రిన్సెస్ పీచ్’ అని రాకుమారినే నాయికను చేసి ఒక ఆట తెచ్చారు. ఆమె బలాలేమిటి? సంతోషం, దుఃఖం, కోపం, శాంతం. ఏడిస్తే మొక్కలకు నీళ్ళు, అలిగితే మంట. ఆడది అనగానే ఉద్వేగమే ఆయుధం! 1988లో అమెరికాకు పంపిన రెండో మారియోలో ఆమె కాసేపు గాలిలో తేలేది. ఏడవక్కర్లేకుండానే. ఆ తేలడం కూడా మొదట ఆమెది కాదు. ఆ ఆట ‘డోకి డోకి పానిక్’ అనే వేరే ఆటకు వేషం మార్చినది. అందులో లీనా అనే పిల్లకున్న శక్తిని పీచ్‌కు తొడిగారు. మన నకలు క్యాసెట్లను చూసి నవ్వుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. కంపెనీలు చేసినా అదే పని.

కథానాయకుడి స్థానంలో నాయికను పెట్టడం దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు? మన దగ్గర దీనికి ఒక పాత జవాబుంది. వెల్చేరు నారాయణరావు తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద రాసిన వ్యాసం 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలోని ‘మెనీ రామాయణాస్’లో వచ్చింది. ఆ పాటలు పాడిన స్త్రీలు రాముడి చోట సీతను నిలబెట్టి యుద్ధం చేయించలేదు. వాళ్ళు చోటే మార్చారు. కథను యుద్ధభూమి నుంచి పురిటిగదిలోకి, పడకటింట్లోకి, అత్తాకోడళ్ళ మధ్యకు తెచ్చారు. ఊర్మిళ నిద్ర, కౌసల్య ప్రసవ వేదన, సీత ఆడిన వామనగుంటలు కథలయ్యాయి. చోటు మారగానే ఎవరు ముఖ్యులు, ఏది సాహసం అన్న లెక్క దానంతటదే మారింది. ఆ తర్వాత రంగనాయకమ్మ వాదంతో, ఓల్గా ‘విముక్త’ కథలతో ఆ దారిని ఎవరి తీరులో వాళ్ళు ముందుకు తీసుకెళ్ళారు. ఆటల్లో అభిమానులు ఇంకా పాలీన్ దగ్గరున్నారు. ఊర్మిళ గది దాకా రాలేదు. లోకం థీమ్ మార్చేవాళ్ళు నాయికను మార్చేవాళ్ళ కన్నా పెద్ద పని చేయగలరని నా అభిప్రాయం.

ఇప్పుడు చేవెళ్ళ దారికి వద్దాం. ఈ దారిలో థీమ్ అనే మాట ఆటలకంటే ముందే వచ్చేసింది. మొయినాబాద్ చుట్టూ రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు, వెంచర్లు. గేటు మీద ఎక్కడో సముద్రతీరం పేరు, లోపల పొట్టి ఈతచెట్లు, గడ్డినేల. గడ్డినేల అచ్చం మొదటి లోకమే! ఆ గడ్డికి నీళ్ళు పట్టే మనిషి, శనివారం రాత్రి పార్టీ తర్వాత ఆదివారం పొద్దున ఊడ్చే మనిషి ప్రకటన బొమ్మలో ఉండరు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు చెరువుల నీళ్ళు కాపాడటానికి 1996 మార్చి 8న 111 నంబరు జీవో తెచ్చి 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. ఆంక్షలున్న రోజుల్లోనే గోడలు లేచాయి. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. ఏ గెంతు చెల్లుతుందో, ఏది చెల్లదో నియమం రాసేవాడి చేతిలో ఉంటుందని ఈ ఊళ్ళవాళ్ళకు ఏ గేమ్ డిజైనరూ నేర్పనక్కర్లేదు.

అయితే ఈ నేల మీద లోకాలు కట్టాలంటే ఎలా కడతాం? మేనకోడలి ప్రశ్నకు సమాధానంగా నేను కాగితం మీద గీసుకున్నవి కొన్ని చెప్తాను. నాకు కోడ్ రాదు. కథకు గది గీసుకునే అలవాటు మాత్రం ఉంది.

పూలలోకం అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతుంది. అందుకే అన్నిటికంటే ప్రమాదం. చేవెళ్ళ, మొయినాబాద్ పొలాల్లో బంతి, చామంతి, గులాబి పండుతాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. తెరంతా పసుపు, నారింజ రంగులు నింపేస్తే ఎంత అందంగా ఉంటుందో! రంగు థీమ్ అంటే అదే. నడక థీమ్ కావాలంటే నడుముతో మొదలుపెట్టాలి. మారియో నాణేన్ని తాకితే అది అతని ఖాతాలో పడుతుంది, నూరు నాణేలైతే ఒక ప్రాణం వస్తుంది. పూలు కోసే మనిషి తాకిన పువ్వు ఆమె ఖాతాలో పడదు. గంపలో పడుతుంది. గంప నిండేకొద్దీ గెంతు కురచవుతుంది. ఎండ ముదిరితే పువ్వు వాడుతుంది కాబట్టి పైన తిరిగే గడియారం అంకెలు కాదు, పొద్దు. మూడో మారియోలో మీదికి దూకే సూర్యుడు అక్కడ జోకు. ఇక్కడ కాదు. చివర్న కోట లేదు, ఆటో ట్రాలీ ఉంది. గంప ఎక్కించాక తెర మీద ఒక అంకె కనిపిస్తుంది: మార్కెట్లో పూల ధర. దాని పక్కనే ఇంకో అంకె: ఆమె కూలి. రెండంకెలూ పక్కపక్కన పెట్టి ఊరుకోవాలి. వ్యాఖ్యానం వద్దు. సందేశాత్మక గేమ్ అనే మాట వింటేనే నాకు నిద్రొస్తుంది.

చిలుకూరు లోకం నాకు బాగా ఇష్టమైనది. ప్లాట్‌ఫామ్ ఆటలన్నీ ఎడమ నుంచి కుడికి పోతాయి. 1985 మారియోలోనైతే దాటి వచ్చిన తెర మళ్ళీ వెనక్కి రాదు కూడా. చిలుకూరు బాలాజీ గుడిలో మనిషి గుండ్రంగా తిరుగుతుంది. కోరుకునేటప్పుడు పదకొండు, తీరాక నూట ఎనిమిది. చేతిలో అంకెలు అచ్చేసిన కార్డు, ఒక్కో చుట్టుకు ఒక టిక్కు. స్కోరు కార్డు ఆటలోంచి గుడికి రాలేదు, ముందే ఉంది! ఇక్కడ హుండీ కూడా లేదు, నాణేలతో పనిలేని లోకం. వీసా బాలాజీ అని పేరు. ఎవరి వీసా కోసం ఎవరు తిరుగుతున్నారో కాసేపు నిలబడి చూస్తే చాలు. కొడుకు వీసాకు తల్లి, అల్లుడి వీసాకు అత్త. తన వీసాకు తను తిరిగే అమ్మాయిలు కూడా ఈమధ్య బాగా కనిపిస్తున్నారు, మొయినాబాద్ కాలేజీల నుంచి నేరుగా వచ్చినవాళ్ళు. ఆటలో ఒకే చుట్టును నూట ఎనిమిది సార్లు తిప్పితే ఎవరాడతారు? నిజమే. కానీ చుట్టు చుట్టుకూ పక్కన నడిచే మనిషి మారి, ఆమె చెప్పే ఒక్క మాట మారితే? ఏ తల్లి ఎవరి కోసం తిరుగుతోందో మాట మాటగా తెలుస్తుంటే? నేనైతే ఆడతాను.

బతుకమ్మ లోకం అందరికీ వెంటనే తడుతుంది. తొమ్మిది రోజులు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా రోజుకో పేరు, రోజుకో నైవేద్యం. లోకాల పటం ఆడవాళ్ళే ఎప్పుడో గీసి పెట్టారు. అందులో నన్ను పట్టుకున్నది ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఆటల చరిత్రలో ఆడకూడని లోకం ఒకటి పటం మీద ఉంచి, దాన్ని ఎలా దాటాలో చెప్పకుండా ఉంచిన డిజైనర్ ఎవరైనా ఉన్నారా? అలగడానికి ఒక రోజు కేటాయించుకున్న ఊహ అది. పీచ్ అలిగితే మంట పుట్టాలి, శత్రువు కాలాలి, ఆట ముందుకు సాగాలి. మన ఆరో రోజు అలక దేనికీ ఉపయోగపడదు. ఆట ఆగుతుంది. అంతే.

దారి లోకం దగ్గర నా పెన్ను ఆగింది. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డుకు రెండువైపులా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు. వాటిని కొట్టకూడదన్న కేసుతో రోడ్డు వెడల్పు పని ఏళ్ళ తరబడి ఆగింది. చెట్ల ఊడలు పట్టుకుని ఊగుతూ దాటే లోకం గీయడం ఎంత సులువో! కానీ 2024 డిసెంబరులో ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ళ మీదికి లారీ దూసుకొచ్చింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని పంతొమ్మిది మందికి తగ్గకుండా చనిపోయారు. వాళ్ళలో నగరానికి చదువులకు తిరిగి వస్తున్న ఆడపిల్లలున్నారు. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఎంతమంది గడప దాటారో ఈ బస్సుల్లో నిలబడి వచ్చినవాళ్ళకు తెలుసు. అదే బస్సు, అదే రోడ్డు. మూడు ప్రాణాలిచ్చి మొదలుపెట్టే ఆట రూపంలోకి దీన్ని తేవచ్చా?

దీనికి తోడు రాత్రి. 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళల్లో ఆడపిల్లల సాయంత్రాలు కురచయ్యాయో లెక్క లేదు. వేధించేవాణ్ణి మారియోలో పుట్టగొడుగు శత్రువులా పెట్టి తొక్కించేయొచ్చు. కొందరు అలా చేయాలంటారు కూడా. నేను ఒప్పుకోను. తొక్కితే పోయే ముప్పుగా చూపిస్తే, తొక్కలేకపోయిన అమ్మాయికి ఆట సరిగా రాలేదని అర్థం వస్తుంది. తప్పు మళ్ళీ ఆమె మీదికే. అసలు చూపకపోతే ఆ దారి అబద్ధం. నాకు తోచిన దారి ఒక్కటే: పగలు ఆడిన అదే మెట్టు, అవే అరుగులు, అదే దూరం, రాత్రి మళ్ళీ ఇవ్వాలి. ఎక్కడా శత్రువును పెట్టకూడదు. ఆడేవాళ్ళ చేయి బటన్ మీద ఎలా బిగుసుకుంటుందో చూడాలి. భయం తెర మీద లేకపోయినా చేతిలో ఉంటుంది. ఆడపిల్లలు ఆడితే ఒకలా, మగపిల్లలు ఆడితే ఒకలా ఉండే లోకం అదొక్కటే అవుతుందేమో.

ఈ లోకాలు ఎవరి సొత్తు అనే ప్రశ్న మిగిలింది. అభిమాని ఆట కట్టేవాళ్ళు కౌలుదార్లు. నేల కంపెనీది, సేద్యం వీళ్ళది. ఆర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తి 1991 నాటి రెండో ‘మెట్రాయిడ్’ను దాదాపు పదేళ్ళు కష్టపడి మళ్ళీ కట్టి 2016 ఆగస్టులో ఉచితంగా విడుదల చేశాడు. కొద్ది రోజుల్లోనే నింటెండో నోటీసులు, పంపిణీ బంద్. ఆ ఆటలోని సామస్ సంగతి కూడా చెప్పుకోవాలి. 1986లో మొదటి ‘మెట్రాయిడ్’ ఆడినంతసేపూ ఇనుప కవచంలో ఉన్నది ఎవరో తెలియదు. తొందరగా పూర్తిచేస్తే కవచం తీసిన ఆడమనిషి కనిపిస్తుంది. ఇంకా తొందరగా చేస్తే బట్టలు ఇంకా తగ్గుతాయి. ఆమె ఆడదన్న నిజం ఆటగాడికి బహుమానం! ఇంకోవైపు సేగా కంపెనీ సోనిక్ ఆట అభిమానుల్నే పిలిచి 2017లో ‘సోనిక్ మానియా’ కట్టించింది. మంచి ఆసామి దొరికితే కౌలు సాగుతుంది, లేకపోతే గట్టు మీద నుంచే తరిమేస్తాడు. పనిముట్టు కంపెనీదైతే ఇంకా చిక్కు. 2024 ఏప్రిల్‌లో వీ యూ మిషన్ ఆన్‌లైన్ సేవలు ఆపేశాక, మొదటి మారియో మేకర్‌లో జనం ఏళ్ళ తరబడి కట్టి పంచుకున్న లోకాలను దాని మీద కొత్తగా తెచ్చుకునే దారి మూసుకుపోయింది.

కౌలు అన్న మాట ఊరికే వాడలేదు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు డబ్బు పట్టా ఉన్నవాళ్ళకు వచ్చింది, కౌలు రైతుకు రాలేదు. భర్త పేరున పట్టా ఉండగా ఆ పొలంలో నడుము వంచే ఆడమనిషిని ‘రైతు భార్య’ అన్నారు గానీ రైతు అనలేదు. ఆటల్లో కూడా ఎవరో కట్టిన నేల మీద రాత్రింబగళ్ళు పనిచేసేవాళ్ళకు అభిమాని అనే ముద్దుపేరు పెట్టారు. అభిమానమంటే కూలి అడగని శ్రమ. ఇంటిపని గురించి మనం నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్న మాటే. అందుకని మారియోను వదిలి సొంత బొమ్మతో కట్టుకోమంటాను మా పిల్లలతో. గెంతడం మీద ఎవరికీ పట్టా లేదు.

ఇంతకీ లోకాలు గీయడం మన ఆడపిల్లలకు నేర్పాలా? తొక్కుడుబిళ్ళ ఏమిటి మరి? బొగ్గుముక్కతోనో ఇటుకపెళ్ళతోనో వాకిట్లో గళ్ళు గీసేది పిల్లే. ఎక్కడ ఒంటికాలు, ఎక్కడ రెండుకాళ్ళు, ఏ గడి నిషిద్ధం అన్నీ ఆమె నిర్ణయాలే. మా వాకిట్లో గెలిచినవాళ్ళు వెనక్కి తిరిగి బిళ్ళ విసిరితే పడిన గడి వాళ్ళ ‘ఇల్లు’. మిగతావాళ్ళు ఆ ఇల్లు తొక్కకుండా గెంతాలి, ఇంటామె మాత్రం రెండుకాళ్ళూ ఆనించి నిలబడొచ్చు. వైకుంఠపాళీలో పాములు, నిచ్చెనలు ఎక్కడుండాలో ఎవరో పెద్దవాళ్ళు ముందే నిర్ణయించి అచ్చేశారు. తొక్కుడుబిళ్ళలో వాన పడితే పటం పోతుంది, రేపు ఇంకోలా గీసుకుంటాం. పట్టా లేని ఆ గళ్ళలో ఆడపిల్లకు తన పేరున ఒక ఇల్లుండేది. మారియో మేకర్ పది థీమ్‌లలో లేనిది అదే.

మేనకోడలు ఎడారి తీసేయలేదు. తన పట్టు తనది. కానీ దాని తర్వాత ఒక లోకం కలిపింది. పేరు ‘ఆఖరి బస్సు’. చేవెళ్ళ స్టాండులో మొదలవుతుంది, కుడి నుంచి ఎడమకు పోవాలి, వచ్చిన దారినే. రూపాయి గానీ, నాణెం గానీ ఎక్కడా దొరకవు. పూలమ్మి ఖాళీ గంపతో నిలబడ్డ ఒకామె, కాలేజీ బ్యాగుతో ఒకమ్మాయి, కార్డు నిండా టిక్కులతో ఒక తల్లి. వీళ్ళ ముగ్గురికీ సీటు దొరికేలా చూడటమే ఆట. కండక్టర్‌ను శత్రువుగా పెట్టాలా వద్దా అన్న దగ్గర స్నేహితురాళ్ళ మధ్య గొడవొచ్చి పని ఆగి ఉంది.